బిల్లున్న సరుకు మీద 'నకిలీ' ముద్ర: వినియోగదారుల వ్యవహారాల శాఖకు ఒక చిన్న అమ్మకందారు బహిరంగ లేఖ

కార్యదర్శి గారికి,
వినియోగదారుల వ్యవహారాల శాఖ, భారత ప్రభుత్వం,
కృషి భవన్, న్యూఢిల్లీ.

ప్రతులు: భారత కాంపిటీషన్ కమిషన్‌కు, మన దేశంలో ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లు (వేరే అమ్మకందారుల సరుకు అమ్మకానికి పెట్టే సైట్లు) నడుపుతున్న కంపెనీల యాజమాన్యాలకు.

అయ్యా,

నమస్కారం. ఈ ఉత్తరం రాస్తుంటే నా ముందు టేబుల్ మీద ఒక బిల్లుంది. ఒక పెద్ద ప్రింటర్ కంపెనీవి 60 టోనర్ కార్ట్రిడ్జులు (ప్రింటర్లో పెట్టే ఇంకు పొడి డబ్బాలు), ఆ కంపెనీయే నియమించుకున్న మా ఊరి డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్నాను. పైన ఆయన జీఎస్టీ నంబరు, దాని కింద నాది, మూలన క్యూఆర్ కోడ్. 18 శాతం పన్నుతో కలిపి మొత్తం డబ్బు బ్యాంకు ద్వారానే పంపాను. ఆ 60లో 17 ఆన్‌లైన్‌లో అమ్ముడుపోయాక, నేను అమ్ముతున్నది నకిలీ సరుకని మార్కెట్‌ప్లేస్ నుంచి మెయిల్ వచ్చింది. ఆ కంపెనీ తరఫున బ్రాండ్ రక్షణ చూసే ఏజెన్సీ ఒకటి ఫిర్యాదు పెట్టిందట. నేను మెయిల్ తెరిచేసరికే లిస్టింగ్, అంటే సైట్లో నా సరుకు అమ్మకానికి పెట్టిన పేజీ, తీసేశారు.

ఆ కంపెనీ పేరు గానీ, ఆ మార్కెట్‌ప్లేస్ పేరు గానీ ఇక్కడ రాయను. నా ఒక్కడి తగువు తీర్చమని మీకు రాయడం లేదు. నాలాగా సరుకు కొని, బిల్లు పెట్టుకుని, ఆన్‌లైన్‌లో అమ్ముకునే వాళ్లందరికీ ఇదే జరుగుతోంది. దీన్ని సరిచేసే అధికారం మీ శాఖ చేతిలో ఉంది కాబట్టి మీకే రాస్తున్నాను.

నా షాపు సికింద్రాబాద్‌లో, సీటీసీలో. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు చెబితే మా వాళ్లే ఒక క్షణం ఆలోచిస్తారు. సీటీసీ అంటే మాత్రం ఈ ఊళ్లో ఎప్పుడైనా కంప్యూటర్ కొన్న ప్రతి మనిషికీ తెలుసు. మెట్ల కిందా, వరండా మూలలా కూడా షాపులుండే చోటది. నేను మొదట ఒకరి దగ్గర పనిచేశాను, తర్వాత సొంతంగా పెట్టుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో షట్టర్లు దించేశాక, ఇంట్లో మూలన పడి ఉన్న సరుకును ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. ఆ ఏడాది మా ఇల్లు గడిచింది ఆ అమ్మకాలతోనే. అందుకని ఆన్‌లైన్ మార్కెట్ల మీద నాకు కోపం లేదు. అదిలాబాద్‌లో ఉన్న ట్యూషన్ మాస్టారికీ, శ్రీకాకుళంలో మీ-సేవ కేంద్రం నడిపే కుర్రాడికీ నా షాపు సరుకు చేర్చిన దారి అది. ఆ దారి మీద నన్ను నడవనివ్వండి అని మాత్రమే అడుగుతున్నాను.

కొని మళ్లీ అమ్మేవాణ్ణి మారుబేరగాడు అని కొంచెం చులకనగా అంటారు. కానీ వ్యాపారమంటేనే కొని అమ్మడం కదా. మా వీధి చివర కిరాణా కొట్టాయన సబ్బు అమ్మడానికి సబ్బుల కంపెనీ దగ్గర అనుమతి పత్రం తెచ్చుకోలేదు. బేగంబజార్‌లో టోకున కొన్నాడు, బిల్లు పెట్టుకున్నాడు, అమ్ముతున్నాడు. ఆయన్ని ఎవరూ దొంగ అనరు. అదే సబ్బును ఆయన కొడుకు ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం అనుమతి పత్రమేదీ అని అడుగుతారు.

మా సరుకు ఎమ్మార్పీ కన్నా, ఒక్కోసారి కంపెనీ సొంత ఆన్‌లైన్ దుకాణంలో ఉండే ధర కన్నా తక్కువకు ఎలా వస్తుందో మీకు చెప్పాలి. ఎందుకంటే ధర తక్కువుంటే నకిలీయే అయ్యుంటుందని చాలామంది నమ్ముతారు, ఫిర్యాదులు కూడా ఆ నమ్మకం మీదే నిలబడతాయి. కంపెనీ తన డిస్ట్రిబ్యూటర్‌కు నెలకింత, మూడు నెలలకింత అని టార్గెట్ పెడుతుంది. టార్గెట్ అందుకుంటే అదనపు డిస్కౌంటు, అందుకోకపోతే మొత్తం సరుకు మీద ఆ డిస్కౌంటు పోతుంది. నెల చివరి మూడు రోజుల్లో డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో ఇంకా కార్టన్లు మిగిలి ఉంటాయి. అప్పుడు ఆయన మాలాంటి వాళ్లకు ఫోన్ చేస్తాడు. తనకు రాబోయే డిస్కౌంటులో సగం ముందే మాకు వదులుకుని, డబ్బు ఎవరు వెంటనే పంపితే వాళ్లకు ఇచ్చేస్తాడు. దాన్ని మేం నెలాఖరు సరుకు అంటాం. పక్కా బిల్లు సరుకు. ఫ్యాక్టరీ సీలు కూడా విప్పని సరుకు. ఈ సంగతి కంపెనీ సేల్స్ మేనేజర్లకు తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను, ఆ టార్గెట్లు పెట్టేది వాళ్లే.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఆ సరుకు నేను షాపులో అమ్మితే సీటీసీ దాటి ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్‌లో పెడితే దేశమంతా ఆ ధర చూస్తుంది. నాగపూర్ డీలరు, కోయంబత్తూరు డీలరు ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి కంపెనీకి పంపి, ఈ ధరకు మేమెలా అమ్మాలి అని నిలదీస్తారు. వాళ్ల బాధ వాళ్లది, అది నాకు అర్థమవుతుంది. కంపెనీకి అప్పుడు కావలసింది ఆ ధర తెర మీద కనబడకుండా పోవడం. కానీ ధర తక్కువుంది, తీసేయండి అని మార్కెట్‌ప్లేస్‌కు రాస్తే కుదరదు. మళ్లీ అమ్మే ధరను కంపెనీ శాసించడాన్ని కాంపిటీషన్ చట్టం, 2002లోని సెక్షన్ 3(4) కట్టడి చేస్తుంది. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్ల మీద పరిమితులు పెట్టి, వాటిని కనిపెట్టడానికి మామూలు కొనుగోలుదారుల వేషంలో మనుషుల్ని పంపినందుకు మారుతి సుజుకికి 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ దాని మీద అప్పీలుకు వెళ్లింది, అది వేరే సంగతి. ధర గురించి ఫిర్యాదు చేయడం ఎంత ప్రమాదమో కంపెనీలకు తెలుసునని చెప్పడానికే ఇది రాశాను. అందుకని ఫిర్యాదు పత్రంలో ఇంకో గడి నింపుతారు. ఆ గడి పేరు నకిలీ. దాని మీద టిక్కు పెడితే అవతల ఎవరూ ప్రశ్నలు వెయ్యరు.

నా విషయంలో తర్వాత ఏం జరిగిందో వరసగా చెబుతాను.

అప్పీలు చేసుకోవచ్చన్నారు. గడిచిన 365 రోజుల్లో కొన్న బిల్లులు పంపమన్నారు. బిల్లు పంపడమేగా అనుకుని డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు ఒక మాట చెబుదామని ఫోన్ చేశాను. ఆయన గొంతు మారిపోయింది. "అన్నా, నీకు దండం పెడతా, నా బిల్లు మాత్రం పైకి పంపకు. ఆన్‌లైన్ వాళ్లకు సరుకిచ్చానని తెలిస్తే నా ఏజెన్సీ పోతది. పద్దెనిమిది మంది పనోళ్లున్నరు నా దగ్గర" అన్నాడు. సరుకు అసలైనదని రుజువు చేసే ఒకే ఒక్క కాగితం అది. అది బయటపెడితే నాకు సరుకిచ్చిన మనిషి నష్టపోతాడు, పెట్టకపోతే నేను నకిలీ సరుకు అమ్మినవాడిగా మిగులుతాను. రెండు రోజులు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి ఆయన పేరూ, కొన్న ధరా కనబడకుండా చేసి, నా జీఎస్టీ నంబరూ సరుకు వివరాలూ ఉంచి పంపాను. మార్పులు చేసిన పత్రం చెల్లదని తిప్పి పంపారు. ఆయన్ని ఒప్పించి, పూర్తి బిల్లే పంపాను. ఈసారి బ్రాండ్ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్, అంటే అమ్ముకోవడానికి అనుమతి పత్రం, కావాలన్నారు, లేదా ఫిర్యాదు చేసినవాళ్లతోనే మాట్లాడి ఫిర్యాదు వెనక్కు తీయించుకోమన్నారు. ఆ ఏజెన్సీకి మూడు మెయిళ్లు రాశాను. మూడోదానికి జవాబు వచ్చింది. సరుకు ఎక్కడ కొన్నారో బిల్లుతో సహా తెలపండి, పరిశీలిస్తాం అని ఒకే ఒక్క వాక్యం. నా సరుకులో ఏది నకిలీ అని తేలిందో, ఎవరు కొని చూశారో, డబ్బాలో తేడా ఉందా లోపల పొడిలో తేడా ఉందా అని నేను అడిగిన దేనికీ అందులో జవాబు లేదు. వాళ్లకు కావలసింది డిస్ట్రిబ్యూటర్ పేరు.

ఆ మెయిలు చదివాక నాకు విషయం పూర్తిగా అర్థమైంది. ఆ ఏజెన్సీకి నేను బిల్లు పంపలేదు.

ఈలోగా నా ఖాతాలో రావలసిన డబ్బు ఆపేశారు. కార్ట్రిడ్జులకు సంబంధించిన డబ్బే కాదు, కీబోర్డులు, మౌసులు, రౌటర్లు అమ్మిన డబ్బు కూడా. మిగిలిన 43 కార్ట్రిడ్జులు వాళ్ల వేర్‌హౌస్‌లో ఉండిపోయాయి, వాటికి నిల్వ చార్జీ పడుతూనే ఉంది. చివరికి తిరిగి తెప్పించుకున్నాను, దానికీ చార్జీ కట్టాను. ఆ 43ను షాపులో పెడితే నెల తిరక్కుండా జిరాక్స్ సెంటర్ల వాళ్లు, ఆడిటర్ ఆఫీసుల వాళ్లు పట్టుకుపోయారు. అందులో ఒకటి లీకయ్యింది. కొన్నాయన తెచ్చిచ్చాడు. నేను దాన్ని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి సీరియల్ నంబరు కొట్టి చూసి, వారంటీలో ఉందని చెప్పి, కొత్తది ఇచ్చి పంపింది. ఆ రసీదు కూడా ఈ బిల్లుకే పిన్ను చేసి పెట్టుకున్నాను.

నకిలీల సంగతి నాకు తెలియక ఈ మాటలు రాయడం లేదు. నాకు తెలిసినంత బాగా ఆ ఏజెన్సీ వాళ్లకు తెలియదేమో కూడా. మా వీధుల్లో ఖాళీ కార్ట్రిడ్జులు కొనేవాళ్లు తిరుగుతుంటారు. డబ్బా చిరక్కుండా ఇస్తే ఎక్కువ ధర, చిరిగితే తక్కువ. ఆ డబ్బా ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నాసి పొడి నింపిన కార్ట్రిడ్జు అసలు డబ్బాలో కొత్త సీలుతో తిరిగొస్తుంది. అది వాడితే ప్రింటర్ డ్రమ్ము పాడవుతుంది, పొడి గాల్లో లేస్తుంది. అలాంటిది కొని మోసపోయిన కస్టమరు మళ్లీ నా దగ్గర అసలుది కొన్నా అనుమానంగానే చూస్తాడు. నకిలీ వల్ల కంపెనీ ఎంత నష్టపోతుందో, నిజాయతీగా అమ్మేవాడూ అంతే నష్టపోతాడు. మందులు, పసిపిల్లల ఆహారం, బ్రేకు విడిభాగాలు లాంటివైతే నకిలీ మనుషుల్ని చంపుతుంది. కాబట్టి బ్రాండ్ రక్షణ వద్దని నేననను. గట్టిగా ఉండాలంటాను. కానీ అది సరుకును పరీక్షించాలి. ఇప్పుడు నడుస్తున్నది అమ్మేవాణ్ణి పరీక్షిస్తోంది.

కొన్ని కంపెనీలు ప్రతి డబ్బా మీదా వేర్వేరు కోడ్ అంటిస్తున్నాయి, దాన్ని స్కాన్ చేస్తే అసలుదో కాదో తెలిసిపోతుంది. అది సరైన పద్ధతి. ఎవరు అమ్ముతున్నారన్నది ఆ కోడ్ చూడదు, ఏం అమ్ముతున్నారన్నదే చూస్తుంది. కోడ్ పెట్టడం మొదలుకాకముందు తయారైన పాత స్టాకుకు ఇబ్బందే, దానికి కొంత గడువిస్తే సరిపోతుంది. ఇంకో పద్ధతిలో ఫిర్యాదు కూడా అవసరం లేకుండా, బ్రాండే నేరుగా లిస్టింగ్ తీసేయవచ్చు. అమెజాన్ 2019లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ జీరోలో అలాంటి సాధనం ఉంది. అది దక్కాలంటే బ్రాండ్ అంతకుముందు ఆరు నెలల్లో పెట్టిన ఫిర్యాదుల్లో కనీసం 90 శాతం సరైనవని తేలి ఉండాలన్నది అర్హత. నియమం పెట్టిన వాళ్లు జాగ్రత్తగానే పెట్టారు. అయినా ఆ లెక్క ప్రకారమే పది ఫిర్యాదుల్లో ఒకటి తప్పయినా బ్రాండ్ అర్హత పోదు. ఆ ఒక్కటీ ఎవరి మీద పడిందో ఆ మనిషికి అది పదిలో ఒక వంతు నష్టం కాదండీ, మొత్తం దుకాణం.

చట్టం మా వైపే ఉందని ఒక లాయరు గారు ఓపిగ్గా వివరించాక తెలిసింది. ట్రేడ్‌మార్క్స్ చట్టం, 1999లో సెక్షన్ 30(3) ఉంది. ట్రేడ్‌మార్కు సొంతదారు గానీ, ఆయన సమ్మతితో ఇంకొకరు గానీ మార్కెట్లోకి తెచ్చిన సరుకును ఒకరు న్యాయంగా కొన్నాక, దాన్ని మళ్లీ అమ్మడం ఆ మార్కు ఉల్లంఘన కాదని అందులో ఉంది. దాని వెంటే 30(4)లో మినహాయింపు ఉంది, సరుకు స్థితి మారినా పాడైనా సొంతదారు అభ్యంతరం చెప్పవచ్చు. సీలు విప్పని డబ్బాకు ఆ మినహాయింపు ఎలా వర్తిస్తుంది?

మా ప్రింటర్ల వ్యాపారంలోనే దీని మీద పెద్ద కేసు నడిచింది. విదేశాల నుంచి తెచ్చిన సామ్‌సంగ్ ప్రింటర్లను ఢిల్లీలో అమ్ముతున్న కపిల్ వాధ్వా మీద ఆ కంపెనీ దావా వేసింది. మన దేశంలో మార్కెట్లోకి తెచ్చిన సరుకుకు మాత్రమే ఈ సెక్షన్ వర్తిస్తుందని మొదట సింగిల్ జడ్జి అన్నారు. 2012 అక్టోబరు 9న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు జడ్జిలుండే డివిజన్ బెంచ్ దాన్ని తిరగరాసి, ప్రపంచంలో ఎక్కడ న్యాయంగా కొన్నా ఇక్కడ అమ్మవచ్చని చెప్పింది. అయితే ఇది దిగుమతి సరుకనీ, దీనికి సామ్‌సంగ్ వారంటీ ఉండదనీ కొనేవాళ్లకు స్పష్టంగా కనబడేలా రాయాలని షరతు పెట్టింది. ఎంత సమంజసమైన షరతో చూడండి, కొనేవాడికి నిజం తెలియాలి, అమ్మేవాడికి అమ్ముకునే వీలుండాలి. సామ్‌సంగ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వాదనంతా విదేశీ సరుకు గురించే. నా కార్ట్రిడ్జులు భారతదేశంలో అమ్మడానికి ఆ కంపెనీయే తెచ్చి, తన డిస్ట్రిబ్యూటర్‌కే అమ్మినవి. బెంచ్ తిరగరాసిన ఆ సింగిల్ జడ్జి తీర్పు ప్రకారం చూసినా నేను నిర్దోషినే.

ఆన్‌లైన్ అమ్మకాల మీద నేరుగా కూడా కోర్టు మాట్లాడింది. ఆమ్వే, మోడీకేర్, ఓరిఫ్లేమ్ లాంటి డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణాలు లేకుండా మనిషి నుంచి మనిషికి అమ్మించే) కంపెనీలు తమ అనుమతి లేకుండా తమ సరుకు ఆన్‌లైన్‌లో అమ్మకూడదని కోరితే, 2019 జూలైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి వాటికి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. 2020 జనవరి 31న డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. ఆ కంపెనీలు ఆధారం చేసుకున్న 2016 నాటి డైరెక్ట్ సెల్లింగ్ మార్గదర్శకాలు సలహాలే తప్ప చట్టం కావని చెప్పింది. ఆ మార్గదర్శకాలు విడుదల చేసింది మీ శాఖే కాబట్టి మీకు ఈ కేసు నాకన్నా బాగా తెలుసు.

చట్టంలో ఇన్ని ఉన్నా నాకు ఒక్కటీ అక్కరకు రాలేదు. కారణం ఒక్కటే, నా కేసు ఏ కోర్టు ముందుకూ వెళ్లలేదు. తీర్పు ఇచ్చింది ఒక మెయిల్. నిరాధారంగా ట్రేడ్‌మార్క్ దావా బెదిరింపులకు దిగితే ఎదురు దావా వేయడానికి అదే చట్టంలో సెక్షన్ 142 ఉందన్నారు లాయరు గారు. కానీ మార్కెట్‌ప్లేస్‌కు పెట్టిన ఫిర్యాదు దావా బెదిరింపు కిందికి వస్తుందో రాదో తేల్చుకోవడానికే జిల్లా కోర్టులో ఏళ్లు పడుతుంది. 43 కార్ట్రిడ్జుల మీద నాకు మిగిలే లాభం ఆయన మొదటి వాయిదా ఫీజుకు కూడా సరిపోదు.

ఇక మీ శాఖ నియమాల దగ్గరికి వస్తాను. 2020 జూలై 23న మీరు నోటిఫై చేసిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల్లో కొనేవాళ్లకు ఒక గొప్ప మేలు చేశారు. వినియోగదారు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి, అందుకు బాధ్యుడైన అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. నేనూ ఆన్‌లైన్‌లో వస్తువులు కొంటాను, ఆ నియమం నాకు పనికొచ్చింది. అదే సైట్‌లో అమ్మకందారుగా లాగిన్ అయితే మాత్రం ఆ 48 గంటలూ లేవు, నెల రోజులూ లేవు, పేరున్న మనిషీ లేడు. నా అప్పీళ్లకు జవాబిచ్చిన ప్రతిసారీ కింద వేరే పేరు, ఇంటిపేరు లేని పేరు ఉండేది. ముందటి జవాబు ఏమిటో వాళ్లకు తెలిసిన జాడ కూడా ఉండేది కాదు.

అమ్మకందారుల మధ్య, ఒకే రకం సరుకుల మధ్య తేడా చూపిస్తే దాన్ని తమ షరతుల్లో వివరించాలని మీ నియమం 5 మార్కెట్‌ప్లేస్‌లకు చెబుతోంది. ఫలానా బ్రాండుకు తాళం వేశాం, ఆ కంపెనీ ఒప్పుకున్న వాళ్లే దాన్ని అమ్మాలి అని మార్కెట్‌ప్లేస్ అనడం తేడా చూపించడం కాదా? ఆ బ్రాండ్ల జాబితా సరుకు కొనకముందు నాకెక్కడా కనబడదు. కొని, లిస్టింగ్ పెట్టబోయే రోజున తెలుస్తుంది. కొన్నిసార్లు నిన్నటిదాకా అమ్మిన బ్రాండుకు ఇవాళ పొద్దున తాళం పడి ఉంటుంది. అదే నియమంలో ఇంకో మాట ఉంది, ట్రేడ్‌మార్క్, కాపీరైట్, ఐటీ చట్టాల కింద తొలగించిన సరుకును పదేపదే పెట్టిన అమ్మకందారులను గుర్తించేలా వివరాలు నమోదు చేయాలని. మంచిదే. కానీ తొలగించినదల్లా తప్పుడు సరుకేనన్న లెక్కలో అది నడుస్తోంది. నామీద పెట్టిన ఆ ఫిర్యాదు రుజువు కాలేదు, వెనక్కు తీసుకోనూ లేదు. ఆ చిట్టాలో నా పేరు పక్కన అలాగే ఉంటుంది. రేపు ఇంకో ఏజెన్సీ ఇంకో ఫిర్యాదు పెడితే నేను పదేపదే తప్పు చేసినవాణ్ణి అవుతాను.

యూరప్‌లో ఇలాంటి వాటికి 2020 జూలై 12 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. అమ్మకందారు మీద ఏ ఆంక్ష పెట్టినా కారణం రాతపూర్వకంగా చెప్పాలి, ఖాతా పూర్తిగా మూసేయాలంటే 30 రోజుల ముందు చెప్పాలి, ఫిర్యాదులు వినడానికి ఖర్చులేని ఏర్పాటు ఉండాలి. మినహాయింపులున్నాయి, మరీ చిన్న ప్లాట్‌ఫారాలకు సడలింపులున్నాయి. బ్రాండ్ రక్షణ పేరుతో పోటీని తగ్గించడాన్ని కూడా అక్కడ నియంత్రణ సంస్థలు పట్టించుకున్నాయి. ఆపిల్ సరుకు అమ్మే ఇతర వ్యాపారులను అమెజాన్ స్పెయిన్ సైట్‌లో పరిమితం చేసేలా ఒప్పందంలో షరతులు పెట్టుకున్నారని 2023 జూలైలో అక్కడి కాంపిటీషన్ సంస్థ ఆ రెండు కంపెనీలకూ కలిపి 19 కోట్ల 40 లక్షల యూరోలు జరిమానా వేసింది. అప్పీలు చేస్తామని రెండూ చెప్పాయి. యూరప్ చట్టాన్ని ఉన్నదున్నట్టు దించుకోమని నేననడం లేదు. మన దగ్గర అంతకన్నా సులువైన దారి ఒకటి ఇప్పటికే ఉంది.

అది ఈ-ఇన్‌వాయిస్. 2023 ఆగస్టు 1 నుంచి ఏటా 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన ప్రతి వ్యాపారీ ఇంకో వ్యాపారికి అమ్మిన సరుకు బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆ బిల్లుకు ఒక నంబరు, సంతకం చేసిన క్యూఆర్ కోడ్ వస్తాయి. నా బిల్లు మూలన ఉన్నది అదే. పెద్ద కంపెనీల డిస్ట్రిబ్యూటర్లలో ఎక్కువమంది ఆ పరిమితి దాటినవాళ్లే. ఆ కోడ్ స్కాన్ చేస్తే బిల్లు దొంగదో అసలుదో క్షణంలో తేలుతుంది. మార్కెట్‌ప్లేస్ దాన్ని తన దగ్గరే సరిచూసుకుని, బిల్లు సరైనదే అన్న ఒక్క మాట బ్రాండ్‌కు చెబితే చాలు. అమ్మిన డిస్ట్రిబ్యూటర్ పేరు గానీ, నేను కొన్న ధర గానీ బ్రాండ్‌కు చేరనక్కర్లేదు. పన్ను ఎగ్గొట్టకుండా ఉండటానికి ప్రభుత్వం ఎంతో ఖర్చుతో కట్టుకున్న ఏర్పాటు ఇది. పన్ను కట్టినవాడి పరువు కాపాడటానికి కూడా దాన్ని వాడండి.

నియమాల్లో మీరు చేర్చవలసినవి నా బుద్ధికి తోచినంతవరకు రాస్తాను. నకిలీ అని ఫిర్యాదు చేసేవాళ్లు ఆ అమ్మకందారు దగ్గర ఒకటైనా కొని చూసి ఉండాలి, ఆ ఆర్డరు నంబరూ, కనబడిన తేడా ఏమిటో రాసి, బాధ్యుడైన ఉద్యోగి సంతకంతో ఇవ్వాలి. ఏజెన్సీలు ఫొటో చూసి, ధర చూసి పెట్టే ఫిర్యాదును ఆ గడిలో తీసుకోకూడదు. లిస్టింగ్ తీసే ముందు అమ్మకందారుకు కొనేవాళ్లకిచ్చిన 48 గంటలే ఇవ్వండి, బిల్లు చూపించుకోవడానికి అవి చాలు. తినేవి, మందులు, పిల్లల వస్తువులు, ప్రాణాల మీదికి తెచ్చే విడిభాగాలు అయితే ముందు తీసేయండి, కానీ వారంలో తేల్చండి. సరైన బిల్లు చూపించినవాణ్ణి ఆథరైజేషన్ లెటర్ అడగకూడదని రాయండి, ఎందుకంటే సెక్షన్ 30(3) అడగని దాన్ని మార్కెట్‌ప్లేస్ అడగడానికి వీల్లేదు. ఫిర్యాదు ఏ సరుకు మీదో ఆ సరుకు డబ్బే ఆపాలి. తాళం వేసిన బ్రాండ్ల జాబితా అందరికీ కనబడేలా పెట్టించండి. ఒక ఏడాదిలో ఏ బ్రాండ్ ఎన్ని ఫిర్యాదులు పెట్టింది, వాటిలో ఎన్ని నిలబడ్డాయి అన్నది ప్రకటించమనండి. తప్పుడు ఫిర్యాదుకు జరిమానా ఎంతుండాలో మీరు ఆలోచించండి, నాకైతే ఆ సంఖ్య నలుగురికీ కనబడితేనే సగం ఫిర్యాదులు తగ్గుతాయనిపిస్తుంది.

కాంపిటీషన్ కమిషన్ వారికి కూడా ఒక విన్నపం. సరుకు నకిలీ అన్న ఫిర్యాదులు ఎక్కువగా పెట్టిన కొన్ని బ్రాండ్లను తీసుకుని, ఫిర్యాదు పెట్టిన రోజున ఆ అమ్మకందారు ధర ఎంత, కంపెనీ సొంత దుకాణంలో ధర ఎంత అన్నది పక్కపక్కన పెట్టి చూడండి. ఆ లెక్కలన్నీ మార్కెట్‌ప్లేస్‌ల దగ్గర ఉన్నాయి. అడిగే అధికారం మీకుంది.

ఆ డిస్ట్రిబ్యూటర్ ఇప్పుడు నాకు సరుకివ్వడం లేదు. ఆయన్ని తప్పుపట్టను. ఆన్‌లైన్‌లో నేనిప్పుడు కేబుళ్లూ, మౌస్ ప్యాడ్లూ, పేరులేని చిన్నచిన్న సామాన్లూ మాత్రమే అమ్ముతున్నాను. బ్రాండు సరుకు జోలికి వెళ్లాలంటే భయమేస్తోంది. షాపులో ప్యాకింగ్ చేసే కుర్రాణ్ణి పోయిన నెలలో మాన్పించాల్సి వచ్చింది. సిద్దిపేట నుంచి వచ్చి పనిచేసేవాడు.

ఆ బిల్లు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన రసీదు, నేను పెట్టిన అప్పీళ్లు, వాటికొచ్చిన జవాబులు అన్నీ ఒక ఫైల్లో పెట్టాను. అందులో డిస్ట్రిబ్యూటర్ పేరు మీ శాఖ దాటి ఎవరికీ వెళ్లదని రాతపూర్వకంగా చెప్పండి, ఏ తేదీ చెబితే ఆ తేదీకి కృషి భవన్‌కు వచ్చి ఒరిజినల్స్ మీ చేతికిస్తాను.

ఇట్లు,
ఒక చిన్న అమ్మకందారు,
సీటీసీ, సికింద్రాబాద్.